పాండ్ గట్టు కోతకు రాళ్లు తెప్పించే ముందు

నార్త్ కరోలైనాలో కేరీ, మోరిస్‌విల్, ఏపెక్స్ వైపు ఇళ్ల మధ్య తవ్విన వాననీటి పాండ్‌లకు వయసు మీద పడుతున్నకొద్దీ ఒకటే జబ్బు కనిపిస్తుంది. నీటి అంచున గట్టు నిలువుగా తెగిపోయి, అడుగు నుంచి రెండడుగుల ఎత్తున ఎర్రమట్టి బయటపడుతుంది. పైన గడ్డి మాత్రం చూరులా ముందుకు వేలాడుతూ ఉంటుంది. చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, కాలు పెడితే పెళ్లగా ఊడి నీళ్లలో పడుతుంది. ఈ పాండ్‌లు చాలావరకు హెచ్‌ఓఏల, అంటే కాలనీ ఇంటి యజమానుల సంఘాల ఆస్తి. బోర్డుల్లో మనవాళ్లు బాగానే ఉన్నారు కాబట్టి, తనిఖీ రిపోర్టులో గట్టు కోత అని రాసి వచ్చిన రోజు ఆ తలనొప్పి మనవాళ్లకే చుట్టుకుంటుంది. వెనకాలే ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్ కొటేషన్ వస్తుంది, చుట్టూ రాళ్లు పరిచేస్తాం అని. సంతకం పెట్టకండి. ముందు ఏ నీళ్లు గట్టును కోస్తున్నాయో తేల్చుకోవాలి.

ఇది అందానికి తవ్విన చెరువు కాదు. లోపల ఎప్పుడూ ఉండే నీళ్లు ఒక మట్టం, వాన పడ్డప్పుడు వచ్చి చేరే నీళ్లు ఇంకో మట్టం. ఆ పై నీళ్లు రైజర్‌కు, అంటే నీళ్లు బయటికి పోయే నిలువు గొట్టానికి ఉన్న చిన్న రంధ్రం గుండా మెల్లగా దిగిపోవాలి. రాష్ట్ర నిబంధనల ప్రకారం రెండు నుంచి ఐదు రోజుల్లో దిగాలి. అంటే పెద్ద వాన పడ్డ ప్రతిసారీ గట్టు రోజుల తరబడి నానుతుంది. తర్వాత నీళ్లు తగ్గుతాయి గానీ మట్టిలో చేరిన నీరు అంత త్వరగా బయటికి రాదు. బయటినుంచి ఆనుకుని నిలబెట్టిన నీరు పోయి, లోపల తడి బరువు మాత్రం మిగిలిపోతుంది. అప్పుడు గట్టు జారుతుంది. పెద్ద జలాశయాల్లో నేరం అలలది. ఎకరం, రెండెకరాల పాండ్‌లో ఈ ఎక్కడం దిగడమే సగం పని చేస్తుంది.

మిగతా సగం మట్టిది. ఇక్కడ సెసిల్ అనే రకం నేల ఉన్నచోట పైన ఉన్న ఎర్ర బంకమట్టి గట్టిదే, తొందరగా కరగదు. దాని కిందే మెత్తబడిన పాత రాయి, సాప్రొలైట్ ఉంటుంది. గులాబీ, పసుపు చారలతో, అభ్రకం మెరుస్తూ ఉంటుంది. ఒక పెళ్ల తీసి రెండు వేళ్ల మధ్య నలపండి, పొడి పొడి అయిపోతుంది. పాండ్ లోతుగా తవ్విన చోట నీటి అంచు సరిగ్గా ఈ పొరలోకి వస్తుంది. కింద పొర కరిగిపోయి పైన బంకమట్టి, గడ్డి మిగలడం వల్లే ఆ వేలాడే అంచు. దాని మీద కొత్త మట్టి పోసి సాడ్ (చాపలా కోసి తెచ్చిన గడ్డి) పరిచి వెళ్లిపోయే కాంట్రాక్టర్లు ఉన్నారు. రెండు పెద్ద వానలకు ఆ డబ్బు పాండ్ అడుక్కి చేరుతుంది.

కోత ఆకారమే కారణం చెబుతుంది. గట్టుకు అడ్డంగా, పైనుంచి నీళ్లవైపు వీ ఆకారంలో గాడి పడితే అది పైనుంచి దిగే నీళ్ల పని. ఎవరి ఇంటి కప్పు నీళ్లు దింపే డౌన్‌స్పౌట్ పైపో, పెరళ్ల మధ్య కాలువో అక్కడ గట్టు మీద ఖాళీ అవుతోంది. ఒక ఒడ్డు మాత్రమే పొడుగునా తెగి ఎదుటి ఒడ్డు బాగుంటే గాలి, అలలు. ఇక్కడ ఎక్కువగా నైరుతి గాలి కాబట్టి ఈశాన్యపు ఒడ్డుకు దెబ్బ తగులుతుంది. చుట్టూరా ఒకే ఎత్తులో గీత గీసినట్టు కోత ఉంటే నీటిమట్టం సంగతి. అప్పుడు గట్టుకన్నా ముందు రైజర్ చూడండి. రంధ్రానికి ఆకులు, ప్లాస్టిక్ అడ్డుపడి నీళ్లు వారాల తరబడి పైనే నిలబడుతున్నాయేమో. అది తీయకుండా ఎంత ఖర్చుపెట్టినా కోత మళ్లీ అక్కడే వస్తుంది. గట్టు మీద నడుస్తుంటే అక్కడక్కడ కాలు దిగబడినా, గుంటలు పడినా మస్క్‌రాట్ (నీటి ఒడ్డున బతికే పెద్ద ఎలుక లాంటి జంతువు) బొరియలని అనుమానించాలి. వాటి ద్వారం నీటి కింద ఉంటుంది, పైకి ఏమీ కనపడదు, కప్పు కూలాకే తెలుస్తుంది.

వీటన్నిటి వెనకా ఇంకొకటి ఉంది: గడ్డిని నీటి అంచు దాకా కొట్టేయడం. పొట్టిగా కోసిన లాన్ గడ్డికి వేర్లు కొన్ని అంగుళాలే. రెండడుగుల గట్టును ఆ వేర్లు పట్టి ఉంచలేవు. పైగా మోవర్ బరువు తడి అంచు మీదే పడుతుంది.

కాబట్టి మొదటి ఖర్చు పైనీళ్ల మీద పెట్టండి. డౌన్‌స్పౌట్ నీళ్లను నాలుగంగుళాల పైపులో భూమి లోపలినుంచి తీసుకెళ్లి, వాలు పైన కాకుండా నీటి అంచు దగ్గర వదలాలి. పైపు నోటి కింద రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున, మట్టిని ఆపి నీటిని వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేసి, దానిమీద రాళ్లు పేర్చాలి. తవ్వే ముందు, భూమిలోని లైన్లు గుర్తుపెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయడం తప్పనిసరి. అయితే వాళ్లు గుర్తుపెట్టేది యుటిలిటీ కంపెనీల లైన్లనే. కాలనీ స్ప్రింక్లర్ పైపులు ఎక్కడున్నాయో మీరే వెతుక్కోవాలి.

కొలతలు పట్టేది ఎలా

ప్రతి కొలతా శాశ్వత నీటిమట్టం నుంచే మొదలవుతుంది. అంటే రైజర్ రంధ్రం కింది అంచు. దీనికి సర్వే పరికరం అక్కర్లేదు. వాన లేకుండా ఓ వారం గడిచాక, రంధ్రం అంచు దగ్గర నీళ్లు ఆగి ఉన్నప్పుడు, పని చేయబోయే ఒడ్డు పొడుగునా నీటి అంచులో పదేసి అడుగులకో మేకు కొట్టి, నీరు తాకిన చోట గీత పెట్టండి. నీళ్లే రసమట్టం. ఎండలకు నీళ్లు రంధ్రం కన్నా కిందికి దిగితే ఆ తేడా రైజర్ దగ్గర కొలిచి ప్రతి గీతకూ కలుపుకుంటే సరి.

ఇప్పుడు మట్టి లెక్క. రెండడుగుల నిలువు కోత, 200 అడుగుల పొడవు అనుకుందాం. దాన్ని 3:1 వాలుకు తేవాలి, అంటే మూడడుగులు అడ్డం పోతే ఒక అడుగు నిలువు. మొత్తం బయటి మట్టితో నింపితే, అడుగు పొడవుకు ఆరు చదరపు అడుగుల త్రికోణం, 200 అడుగులకు 1,200 ఘనపుటడుగులు, సుమారు 44 క్యూబిక్ యార్డులు. దిమ్మిస వేస్తే కుంగే మట్టికి ఇంకో పాతిక శాతం కలిపితే 55. పన్నెండేసి యార్డుల ట్రక్కులు ఐదు. అదే పైసగం కోసి కిందిసగం నింపితే కోసే త్రికోణం ఒకటిన్నర చదరపు అడుగులు, నింపేదీ అంతే. మొత్తం 11 యార్డులు కదిలిస్తే చాలు, ట్రక్కు రానక్కర్లేదు. పైన మూడడుగుల లాన్ పోతుంది. ఆ మూడడుగులు ఎవరి పెరట్లోవి అన్నదే అసలు గొడవ. ఈజ్‌మెంట్ గీత, అంటే పాండ్ పనులకు వాడుకునే హక్కున్న స్థలం హద్దు, ప్లాన్‌లో ముందే చూసుకోవాలి.

కోసి నింపే పద్ధతికి ఇంకో బలమైన కారణం ఉంది. బయటి మట్టి ఎంత పోస్తే పాండ్ సామర్థ్యం అంత తగ్గుతుంది. ఆ సామర్థ్యం ఎంతుండాలో ఆమోదం పొందిన ప్లాన్‌లో లెక్క ఉంటుంది. టౌన్ స్టార్మ్‌వాటర్ ఆఫీసుకు చెప్పకుండా నింపేస్తే, తర్వాతి తనిఖీలో కోత పోయి వాల్యూమ్ తగ్గిందని ఇంకో పేరా రాసుకుంటారు. నీటి అంచున ఉండాల్సిన మొక్కల మెట్టు కూడా ప్లాన్‌లోనే ఉంటుంది. 2017 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర ప్రమాణం ప్రకారం దాని వెడల్పు ఆరడుగులకు తగ్గకూడదు, వాలు 6:1 కన్నా నిటారు కాకూడదు. సగం వెడల్పు శాశ్వత మట్టానికి ఆరంగుళాలు కిందికి, సగం ఆరంగుళాలు పైకి. చాలా పాండ్‌లలో ఈ మెట్టు కొట్టుకుపోయింది, లేదా మొదటినుంచీ సరిగ్గా కట్టలేదు. రిపేరు అంటే నిజానికి దీన్ని తిరిగి నిలబెట్టడమే. పైన చెప్పిన 3:1 మెట్టుకు పైభాగం వాలుకు. మెట్టు కోసం చేసే తవ్వకం ఆ లెక్కకు అదనం.

మట్టి పని

నీళ్లు దించాలంటే రోజుకు ఆరంగుళాలు మించకుండా దించండి. ఒక్కసారిగా వాల్వ్ తెరిస్తే నానిన గట్టు మీరు బాగుచేయాలనుకున్న చోటే కాదు, పక్కన కూడా కూలుతుంది. అడుగు, అడుగున్నర దిగితే చాలు. చేపలకు లోతు మిగలాలి, దిగువకు బురదనీళ్లు పోకూడదు.

పాత కోతకు కొత్త మట్టి నేరుగా ఆనించకూడదు. నున్నటి బంకమట్టి గోడకు ఆనుకున్న కొత్త మట్టి, మధ్యలోకి నీరు చేరగానే మొత్తం పలకగా జారిపోతుంది. పాత గట్టును అడుగేసి ఎత్తు మెట్లుగా తవ్వి, ప్రతి మెట్టు మీదా ఆరు నుంచి ఎనిమిదంగుళాల పొరగా మట్టి పోసి దిమ్మిస వేయాలి. తడి చూడ్డం సులువు. గుప్పెడు మట్టి పిసికితే ఉండ కట్టాలి, బొటనవేలితో నొక్కితే రెండుగా విరగాలి. వేలికి జిడ్డుగా పూసుకుంటే ఆ రోజు పని ఆపేయండి. పైన చివరి నాలుగంగుళాలు మాత్రం మంచి పైమట్టి, దిమ్మిస లేకుండా. అక్కడ కూడా రోలర్ తిప్పేస్తే వేరు దిగదు.

అక్టోబరు, నవంబరుల్లో మట్టి పని, ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా నాట్లు. ఈ రెండింటినీ ఒకే వారంలో ముగించాలని కాంట్రాక్టర్ చూస్తాడు, ఎందుకంటే యంత్రం రెండుసార్లు తేవడం అతనికి దండగ. ఒప్పుకోకండి. శీతాకాలంలో మట్టిని కొయిర్ (కొబ్బరి పీచు) మ్యాట్, దాని కింద చల్లిన రై గడ్డి కాపాడతాయి. నవంబరులో నాటిన లేత మొక్కలు మాత్రం కెనడా బాతులకు విందు.

కొయిర్ లాగ్

గట్టు అడుగు కదలకుండా మొదటి రెండు మూడేళ్లు ఆపే పని దీనిది. కొబ్బరి పీచును వల గొట్టంలో కూరి చేస్తారు. పీచు ఎక్కువగా భారత్, శ్రీలంకల నుంచి వచ్చేదే. కోనసీమలో తాళ్లు పేనే పీచు ఇక్కడ కరోలైనా గట్టును పట్టుకుని ఉంటుందన్నమాట. గాలి తగలని ఒడ్డుకు 12 అంగుళాల మందం, గాలి ఒడ్డుకు 16 లేదా 20. పదడుగుల లాగ్‌లు 200 అడుగులకు 20.

16 అంగుళాల లాగ్‌ను కూర్చోబెట్టేటప్పుడు దాని పైభాగం శాశ్వత మట్టానికి మూడు నాలుగంగుళాలు పైకి ఉండాలి. అడుగున మూడంగుళాల గాడి తవ్వి అందులో దించాలి. రెండంగుళాల చదరపు గట్టి కర్ర మేకులు, నాలుగడుగుల పొడవువి, రెండేసి అడుగులకు లాగ్‌కు అటొకటి ఇటొకటి. మొత్తం 200 మేకులు. మేకును లాగ్ మధ్యలోంచి దించితే వల తెగుతుంది. పక్కన కొట్టి, తలకు గాడి పెట్టి, కొయిర్ తాడుతో పైనుంచి అడ్డంగా బిగించి, ఆ తర్వాత మేకుల్ని ఇంకో మూడంగుళాలు దించితే తాడు దానంతటదే బిర్రుగా పడుతుంది. కొత్త లాగ్ నానేదాకా తేలుతుంది కాబట్టి కట్టడం రేపటికి వాయిదా వేయకూడదు. రెండు లాగ్‌లు కలిసే చోట సందు లేకుండా తాడుతో కుట్టాలి.

ఎక్కువ పనులు చెడేది రెండు చోట్ల. ఒకటి, లాగ్ వెనక ఖాళీ వదిలేయడం. అల పైనుంచి దూకి వెనక మట్టిని తోడుకుపోతుంది, ఏడాదికల్లా లాగ్ ఒక్కటే నీళ్లలో నిలబడి ఉంటుంది. వెనక మట్టి లాగ్ తల దాకా గట్టిగా కూరాలి. రెండు, చివరలు. లాగ్ వరస ఎక్కడ ఆగితే అక్కడ నీరు పక్కనుంచి వెనక్కి దూరుతుంది. రెండు చివరలనూ మూడు నాలుగడుగులు గట్టు లోపలికి మళ్లించి పూడ్చాలి. కొటేషన్‌లో ఈ అదనపు పొడవు లేకపోతే అతనికి పని తెలియదని అర్థం.

లాగ్ నుంచి వాలు పైదాకా చదరపు మీటరుకు 700 గ్రాముల కొయిర్ మ్యాట్. పై అంచు ఆరంగుళాల గాడిలో పూడ్చాలి. అతుకుల దగ్గర పై మ్యాట్ కింది మ్యాట్ మీదికి రావాలి, పెంకులు కప్పినట్టే. ప్లాస్టిక్ వల ఉన్న చౌక మ్యాట్లు వద్దు, పాములు చిక్కుకుని చస్తాయి, మోవర్‌కూ చుట్టుకుంటుంది.

మొక్కలు

లాగ్ మూడేళ్లకు, మహా అయితే ఐదేళ్లకు కుళ్లిపోతుంది. ఆలోపు దాని పని మొక్కలు అందుకోవాలి. కనీసం మూడు జాతులు, 200 చదరపు అడుగుల మెట్టుకు 50 మొక్కలు అన్నది రాష్ట్ర ప్రమాణం. మన 200 అడుగుల ఒడ్డులో ఆరడుగుల మెట్టు 1,200 చదరపు అడుగులు, కాబట్టి 300 మొక్కలు, సుమారు రెండడుగుల ఎడం. తెగిన అంచు పొడుగునా మాత్రం అడుగున్నర ఎడంలో నాటితే మంచిది.

గట్టును పట్టుకోవడంలో సాఫ్ట్ రష్‌ను మించింది లేదు. తుంగలా గుబురుగా పెరుగుతుంది, శీతాకాలంలోనూ పూర్తిగా పడిపోదు. దాన్ని సరిగ్గా నీటి గీత మీద, ఇటు రెండంగుళాల నీటి దాకా నాటండి. నీలి పూల పికరల్‌వీడ్, బాణం ములికి ఆకుల ఆరోహెడ్ మెట్టు లోతు వైపు, మూడు నుంచి ఆరంగుళాల నీళ్లలో. బ్లూ ఫ్లాగ్ ఐరిస్ అంచున, లిజర్డ్స్ టెయిల్ చెట్ల నీడ పడే చోట. ఏ మొక్కకైనా ఆకుకొన నీటి పైకి ఉండాలి, పూర్తిగా మునిగిన ప్లగ్ (చిన్న నారు మొక్క) బతకదు. నాటాక కొంచెం లాగి చూడండి, కదిలితే అల దాన్ని రాత్రికే తేల్చేస్తుంది. కాండం మొదట్లో తీగ స్టేపుల్ గుచ్చాలి.

బాతుల కోసం నీటివైపు, నేలవైపు రెండు పక్కలా రెండు మూడడుగుల ఎత్తు వల కట్టాలి. ఒక పక్కే కడితే రెండో పక్కనుంచి నడిచి వస్తాయి. రెండు ఎండాకాలాలు గడిచాక తీసేయొచ్చు. నాచు తినాలని గ్రాస్ కార్ప్ చేపలు వదిలిన పాండ్ అయితే జాగ్రత్త, ఇష్టమైన మేత అయిపోయాక అవి మెట్టు మీది మొక్కల మీద పడతాయి.

జమ్ము పిలవకుండానే వస్తుంది. లేతగా ఉండగానే పీకేయాలి, వదిలితే మిగతా జాతుల్ని మింగేస్తుంది. ఇంకొకటి ఎలిగేటర్‌వీడ్. చూస్తే మన పొన్నగంటి కూర గుర్తొస్తుంది, నిజంగానే దాని దాయాది. కోసుకుని వండే ఆలోచన మానుకోండి, వీధుల మురికి మొత్తం చేరే నీళ్లవి. తెంపి అక్కడే పారేస్తే ప్రతి కణుపూ మళ్లీ వేరు పడుతుంది, సంచిలో వేసి తీసుకుపోవాలి. మందు కొట్టాల్సి వస్తే నీటిలో వాడకానికి లేబుల్ ఉన్నదే కొట్టాలి, అది లైసెన్స్ ఉన్నవాళ్ల పని.

రాయి ఎక్కడ

రాయికి చోటు లేదని కాదు. పాండ్‌లోకి పైపు తెరుచుకునే చోట, గాడి పడిన మూతి దగ్గర, అలుగు మీద, అంచునుంచే లోతు మొదలై మెట్టుకు చోటే లేని గాలి ఒడ్డున రాయే దిక్కు. ఆ 200 అడుగులకూ రాయి వేస్తే, ఆరడుగుల వెడల్పు, అడుగు మందంలో 44 యార్డులు, యార్డుకు టన్నున్నర చొప్పున 66 టన్నులు. అంత బరువు ఇళ్ల మధ్యనుంచి మోసే బండి చక్రాలు పాడుచేసే లాన్‌లు వేరే లెక్క.

కోణాలున్న పగలగొట్టిన గ్రానైట్ కావాలి, గుండ్రటి రాళ్లు దొర్లిపోతాయి. క్లాస్ ఏ అంటే రెండు నుంచి ఆరంగుళాలు, క్లాస్ బీ అంటే ఐదు నుంచి పన్నెండు. చిన్న పాండ్ అలలకు మొదటిది చాలు, పైపు మూతులకు రెండోది. వాలు 2:1 కన్నా నిటారు ఉండకూడదు. అడుగున గాడి తవ్వి మొదటి వరస అందులో కూర్చోవాలి, లేకపోతే పై రాళ్లన్నీ నెమ్మదిగా కిందికి జారతాయి. మన ఊళ్లలో చెరువు కట్టకు రాతి రివిట్‌మెంట్ వేసేటప్పుడు కింద గ్రావెల్ పొర ఎందుకు పరుస్తారో తెలిసినవాళ్లకు ఇక్కడి గుడ్డ సంగతి చెప్పనక్కర్లేదు. రాళ్ల సందుల్లోంచి మట్టి కారిపోకుండా, నీరు మాత్రం బయటికి రావాలి. చదరపు గజానికి ఎనిమిది ఔన్సుల నాన్‌వోవెన్ (నేయని) జియోటెక్స్‌టైల్ గుడ్డ సరిపోతుంది. ప్లాస్టిక్ షీట్ వేస్తే వెనక నీరు నిలిచి గట్టును ముందుకు తోస్తుంది. రాళ్లను పైనుంచి గుమ్మరిస్తే గుడ్డ చిరుగుతుంది, బకెట్‌ను నేలకు దగ్గరగా తెచ్చి వదలమనండి. మస్క్‌రాట్ బెడద ఉన్నచోట గుడ్డతోపాటు ఇనుప వల కూడా.

చెక్క, కాంక్రీటు గోడల జోలికి పోకపోవడమే మంచిది. నిలువు గోడకు కొట్టిన అల కిందికి తిరిగి పాదాన్నే తవ్వుతుంది.

ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకు లెక్కలు కొంచెం మారతాయి. ఇసుక నేల, 4:1 వాలు నీటి కింద రెండడుగుల దాకా కొనసాగాలన్న నిబంధన, పైగా గట్టులో బొరియలు తవ్వే సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్. అక్కడ పాండ్ అడుగు బురదనే పంపుతో తోడి మెష్ గొట్టాల్లో నింపి, గట్టుగా కట్టి పైన సాడ్ వేసే పద్ధతి బాగా వాడుకలో ఉంది. బయటి మట్టి రాదు, పాండ్ లోతు కొంత తిరిగి వస్తుంది. మెష్ ఎక్కడా ఎండకు బయటపడకుండా చూసుకోవాలి, సాడ్ చచ్చిన చోట మోవర్ బ్లేడు దాన్ని చీల్చేస్తుంది.

పని అయ్యాక

నీటి అంచు నుంచి పదడుగుల దాకా గడ్డి కొట్టకూడదు. కాంట్రాక్టులో రాస్తే సరిపోదు, మోవర్ మీద కూర్చునే మనిషి ప్రతి సీజన్‌కూ మారుతుంటాడు. పాతికేసి అడుగులకో గుంజ పాతండి. ఏడాదికోసారి, ఫిబ్రవరి చివర్లో, ఎనిమిది పదంగుళాల ఎత్తు వదిలి కోస్తే చాలు. అప్పుడే విల్లో, స్వీట్‌గమ్ మొలకలు పీకేయాలి. ఆనకట్ట వైపు అయితే ఒక్క చెట్టు మొలకా ఉండనివ్వకూడదు, వేరు చచ్చి కుళ్లితే అదే నీటికి దారి. అసలు కోత ఆనకట్ట మీదే ఉన్నా, దాని వెనక వాలు చెమ్మగా కనిపించినా పైన రాసిందంతా పక్కనపెట్టి లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌ను పిలవండి.

మొదటి ఏడాది అంగుళం దాటిన ప్రతి వాన తర్వాతా ఒకసారి చుట్టి రావాలి. వదులైన తాళ్లు, లేచిన మ్యాట్ అంచులు, లాగ్ వెనక గుంటలు, ఈ మూడే చూడాలి. అరగంటలో సరిచేయగల గుంటను మూడు నెలలు వదిలితే మళ్లీ ఎక్స్‌కవేటర్ రావాలి. ఒప్పందంలో చివరి పది శాతం డబ్బు ఆపి ఉంచండి, నాటిన తర్వాతి మే నెలలో మొక్కలు లెక్కపెట్టాక ఇస్తామని రాయండి. 300లో 255 బతికి ఉంటే చెల్లింపు, తగ్గితే ముందు అతను తిరిగి నాటాలి.